నాలుగు రాత్రులకే దిగిపోతున్న బ్యాటరీ: విశాఖ లాసన్స్ బే కాలనీలోని ఒక స్పోర్ట్స్ కారు

లాసన్స్ బే వాసి | సెప్టెంబరు 12, రాత్రి 8:10

అందరికీ నమస్కారం. నా దగ్గర 2014లో తయారైన జర్మన్ స్పోర్ట్స్ కారు ఉంది. రెండే సీట్లు, సీట్ల వెనుక ఇంజను, ముందు మూత కింద సామాను పెట్టుకునే డిక్కీ, అందులోనే 80 ఆంపియర్-గంటల ఏజీఎం (యాసిడ్‌ను గాజు పీచు పొరలు పీల్చి ఉంచే రకం) బ్యాటరీ. సముద్రానికి రెండు వీధుల ఇవతల ఉన్న మా అపార్ట్‌మెంటు కింది పార్కింగులో గుడ్డ కవరు కప్పి ఉంచుతాను. ఆదివారం తెల్లవారుజామున భీమిలి దాకా వెళ్లి రావడం తప్ప వారం మధ్యలో బయటకు తీయను.

ఆగస్టు చివర పది రోజులు ఊరు వెళ్లి వచ్చేసరికి రిమోటుకు కారు పలకలేదు. తాళంచెవితో తలుపు తీశాను కానీ ముందు మూత విద్యుత్తుతో తెరుచుకునేది కావడంతో బ్యాటరీ దగ్గరకు చేరే దారే లేకపోయింది. డ్రైవరు కాళ్ల దగ్గరి ఫ్యూజు పెట్టెలో బయటకు లాగే ఎర్ర టెర్మినల్ ఒకటి ఉంటుందని యజమాని పుస్తకంలో చదివి, జంప్ స్టార్టరు ప్లస్సును దానికి, మైనస్సును తలుపు గొళ్లెం పడే ఇనుప కొక్కేనికి తగిలించి మూత తెరిచాను. అక్కడ ఇచ్చిన కరెంటుతో మూత తెరుచుకుంటుందే తప్ప ఇంజను స్టార్టు కాదు.

బ్యాటరీ కొని పద్నాలుగు నెలలైంది. పూర్తిగా చార్జి చేసి గత ఆదివారం సాయంత్రం 7 గంటలకు చార్జరు తీసేశాను. గంట తర్వాత 12.75 వోల్టులు ఉంది. గురువారం ఉదయం 7 గంటలకు 11.9 వోల్టులు. సెల్ఫ్ టిక్కుమని ఆగిపోయింది. చార్జి చేసి ఇంజను నడిపితే డైనమో 14.3 వోల్టులు ఇస్తోంది. ఒక సర్వీసు కేంద్రంవారు బ్యాటరీ మార్చమన్నారు, మరొకరు డైనమో మార్చమన్నారు. కారణం తెలియకుండా దేనినీ మార్చడం నాకు ఇష్టం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో దయచేసి చెప్పండి.

భీమిలి దారి | సెప్టెంబరు 12, రాత్రి 9:02

మీ నిర్ణయం సరైనదని అనుభవంతో చెబుతున్నాను. నా పాత కారులో ఇదే బాధకు ఏడాదిలో రెండు బ్యాటరీలు మార్పించారు. కొత్త బ్యాటరీ వేసిన ప్రతిసారీ మూడు వారాలు బాగుండేది, మళ్లీ మొదటికి వచ్చేది. చివరికి చూస్తే సీటు కింద బిగించిన పాటల యాంప్లిఫయర్ కారు ఆపినా ఆగడం లేదు. తప్పు బ్యాటరీది కానప్పుడు కొత్త బ్యాటరీ ఆ తప్పును కొన్నాళ్లు దాచిపెడుతుంది, అంతే.

ఆటోనగర్ పాత మీటరు | సెప్టెంబరు 12, రాత్రి 10:45

లాసన్స్ బే వాసి గారికి నమస్కారం. గాజువాక ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లుగా వాహనాల వైరింగు పని చేస్తున్నాను. 14.3 వోల్టులు ఇస్తున్న డైనమో చార్జింగు విషయంలో తన పని తాను చేస్తోంది. కాలిపోయిన డయోడు గుండా రాత్రిపూట కరెంటు వెనక్కి కారడం అరుదుగా జరుగుతుంది కానీ దానిని కూడా మీటరే చెప్పాలి. కాబట్టి ముందు కొలవండి.

నేటి కార్లలో తాళం వేసిన వెంటనే అన్నీ ఆగవు. లోపలి కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుని, ఒక్కొక్కటిగా నిద్రలోకి జారుకుంటాయి. కొన్ని కార్లలో ఇరవై నిమిషాలు, కొన్నింట్లో ముప్పావు గంట పడుతుంది. అవి పడుకున్నాక సాధారణంగా 50 మిల్లీ ఆంపియర్లలోపు కరెంటు మాత్రమే పోవాలి. చాలామంది తాళం వేసిన ఐదు నిమిషాలకే మీటరు చూసి, రెండు మూడు ఆంపియర్లు కనిపించగానే భయపడి, దొరికిన ఫ్యూజునల్లా పీకేస్తారు. ఫ్యూజు పీకి మళ్లీ పెడితే ఆ కంప్యూటరు తిరిగి మేలుకుంటుంది. కొన్నిసార్లు మొరాయించిన కంప్యూటరు ఆ పీకడంతోనే సర్దుకుని, ఆ రోజుకు దొంగ దొరకకుండా పోతాడు.

ముందు మూత తెరిచి ఉంచి, దాని గొళ్లాన్ని స్క్రూడ్రైవరుతో నొక్కి మూసిన స్థితికి తీసుకురండి. డ్రైవరు తలుపుకూ అలాగే చేస్తే తలుపు తెరిచి ఉన్నా కారు అది మూసి ఉందనే అనుకుంటుంది, ఫ్యూజు పెట్టె మీ చేతికి అందుతుంది. తాళం వేసి, తాళంచెవిని ఇంట్లో దూరంగా పెట్టండి. చెవి దగ్గరగా ఉంటే కొన్ని కార్లు దానిని వెతుకుతూ మేలుకునే ఉంటాయి.

మీటరు తీగను 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టి, మైనస్ తీగ విప్పక ముందే మీటరు ఒక కొసను బ్యాటరీ మైనస్ స్తంభానికి, రెండో కొసను మైనస్ తీగ బిగింపుకు తగిలించండి. ఆ తర్వాత ఆ బిగింపును స్తంభం మీది నుంచి మెల్లగా పైకి తీస్తే కరెంటు తెగకుండా మీటరు గుండా మళ్లుతుంది, కంప్యూటర్లు ఉలిక్కిపడవు. గంట ఆగి అంకె చూడండి. మీటరు ఉండగా రిమోటు నొక్కవద్దు, సెల్ఫ్ అసలే కొట్టవద్దు, లోపలి ఫ్యూజు ఎగిరిపోతుంది.

అంకె ఎక్కువగా ఉంటే ఫ్యూజులు పీకకుండా, ప్రతి ఫ్యూజు నెత్తిన కనిపించే రెండు లోహపు చుక్కల మధ్య మిల్లీ వోల్టులు కొలవండి. సున్నా ఉంటే దాని గుండా ఏమీ పోవడం లేదు.

మధురవాడ మాస్టారు | సెప్టెంబరు 13, ఉదయం 6:20

పాత మీటరు గారు చెప్పిన చివరి పద్ధతి ఓమ్ సూత్రమే. చిన్న సైజు 10 ఆంపియర్ల ఫ్యూజు నిరోధం సుమారు 7 నుంచి 8 మిల్లీ ఓములు ఉంటుంది. దాని మీద 3 మిల్లీ వోల్టులు కనిపిస్తే 0.4 ఆంపియర్లు పోతున్నాయని అర్థం. ఫ్యూజు విలువ పెరిగేకొద్దీ నిరోధం తగ్గుతుంది కాబట్టి ఒకే మిల్లీ వోల్టు అంకెకు 20 ఆంపియర్ల ఫ్యూజులో ఎక్కువ కరెంటు పోతున్నట్టు లెక్క.

కొలిచే ముందే మనం ఎంతటి దొంగను వెతుకుతున్నామో తెలుసుకోవడం మంచిది. ఆదివారం రాత్రి 7 నుంచి గురువారం ఉదయం 7 వరకు 84 గంటలు. ఏజీఎం బ్యాటరీ 12.75 వోల్టుల నుంచి 11.9 వోల్టులకు వచ్చిందంటే నిల్వలో దాదాపు ముప్పాతిక వంతు, అంటే సుమారు 60 ఆంపియర్-గంటలు పోయాయి. 60ని 84తో భాగిస్తే సగటున 0.7 ఆంపియరు. ఈ అంకెను కాగితం మీద రాసుకుని దగ్గర పెట్టుకోండి.

లాసన్స్ బే వాసి | సెప్టెంబరు 14, మధ్యాహ్నం 1:35

మీరు చెప్పినట్టే ఈ ఉదయం చేశాను. తాళం వేసిన వెంటనే 4 ఆంపియర్లకు పైన ఉన్న అంకె మెట్లు దిగినట్టు తగ్గుతూ వచ్చి, 38వ నిమిషంలో 0.315 ఆంపియరు దగ్గర నిలిచింది. గంటన్నర చూశాను, కదలలేదు. ఫ్యూజుల మీద మిల్లీ వోల్టులు కొలిస్తే ఒక్క 10 ఆంపియర్ల ఫ్యూజు మీదే 2 పైన వచ్చింది. అది రెండేళ్ల క్రితం ఒక దుకాణంలో బిగించిన డాష్ కెమెరా తీగ. ఇగ్నిషనుతో ఆగే ఫ్యూజు నుంచి తీయవలసిన కరెంటును ఎప్పుడూ సరఫరా ఉండే ఫ్యూజు నుంచి తీశారు. కెమెరా తీగ తీసేయగానే అంకె 0.035కు పడిపోయింది. సమస్య తీరినట్టేనని అనుకుంటున్నాను. అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు.

భీమిలి దారి | సెప్టెంబరు 14, మధ్యాహ్నం 2:10

చాలా సంతోషం. నాకు యాంప్లిఫయర్, మీకు కెమెరా. తర్వాత తగిలించిన వస్తువులనే మొదట అనుమానించాలని మరోసారి తేలింది.

మధురవాడ మాస్టారు | సెప్టెంబరు 14, సాయంత్రం 5:50

సంతోషాన్ని ఆపుతున్నందుకు మన్నించాలి. లెక్క కుదరడం లేదు. కెమెరా తాగినది 0.28 ఆంపియరు. 84 గంటలకు అది 23.5 ఆంపియర్-గంటలు. కారు నిద్రలో తాగే 0.035 ఆంపియరుకు మరో 3 ఆంపియర్-గంటలు. రెండూ కలిపినా 27 దాటవు. పోయినది 60. నా అంచనాలో పది ఆంపియర్-గంటల తప్పు ఉండవచ్చునేమో కానీ 33 ఉండదు. ఆ మిగిలినది ఎటు పోయిందో తెలిసేదాకా ఈ చర్చ ముగియలేదని నా అభిప్రాయం.

లాసన్స్ బే వాసి | సెప్టెంబరు 18, ఉదయం 7:25

మాస్టారు చెప్పిందే నిజమైంది. 14వ తేదీ రాత్రి పూర్తి చార్జితో, కెమెరా లేకుండా వదిలేశాను. ఈ ఉదయం 12.3 వోల్టులు. సెల్ఫ్ బరువుగానైనా తిరిగింది. అయితే పగలు ఎప్పుడు కొలిచినా 0.035 దాటడం లేదు.

ఓడల కరెంటు | సెప్టెంబరు 18, ఉదయం 10:40

ఈ చర్చను మొదటి నుంచి చదువుతున్నాను. ఓడల విద్యుత్ విభాగంలో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి విరమించాను. కారు గురించి నాకు తెలిసింది తక్కువ. సముద్రపు గాలి తీగలను ఏం చేస్తుందో మాత్రం బాగా తెలుసు. ఓడ మీద పగటి ఎండలో మెగ్గరు (ఇన్సులేషను నిరోధాన్ని కొలిచే మీటరు) పెడితే మెగోముల్లో చూపించిన ఇన్సులేషను తెల్లవారుజామున పెడితే అందులో పదోవంతు కూడా చూపని సందర్భాలు నేను లెక్కలేనన్ని చూశాను. లోపం పగలు దాక్కుంటున్నప్పుడు పగలు ఎన్నిసార్లు కొలిచినా దొరకదు.

మీరు కొలిచిన తీరులో ఇంకొక తేడా కూడా ఉంది. మీరు పరీక్షించినప్పుడల్లా ముందు మూత తెరిచి ఉంది, లోపలికి ఎండగాలి తగిలింది. బ్యాటరీ దిగిన రాత్రులన్నిటా మూత మూసి ఉంది. కారును ఎప్పుడూ ఉండే స్థితిలోనే ఉంచి రాత్రంతా కొలవండి. మీటరు తీగలను మూత రబ్బరు పక్క నుంచి బయటకు తీసి, మూత మూసి, మీటరును అద్దం ముందు పెట్టండి. పాత ఫోనును నిలబెట్టి దాని చార్జరును గోడ ప్లగ్గుకు పెట్టి, పక్కన గడియారం ఉంచి, మీటరు మీది అంకెను రాత్రంతా వీడియో తీయండి. చాలా మీటర్లు పావుగంట, అరగంట కాగానే వాటంతట అవే ఆగిపోతాయి. ఆ సౌకర్యాన్ని ముందే రద్దు చేసుకోకపోతే రాత్రంతా ఖాళీ తెర వీడియో మిగులుతుంది. ఎక్కువ మీటర్లలో ఒక బొత్తాన్ని నొక్కి పట్టుకుని స్విచ్చు తిప్పితే అది రద్దవుతుంది.

ఆటోనగర్ పాత మీటరు | సెప్టెంబరు 18, మధ్యాహ్నం 12:15

పెద్దవారు చెప్పినది బంగారంలాంటి మాట. నేనొకటి కలుపుతాను. తీగలు రబ్బరు కింద నలిగి తెగకుండా చూడండి. ప్లస్ తీగ ఏదీ ఆ దారిలో ఉండకూడదు, మైనస్ వైపే కొలవండి.

లాసన్స్ బే వాసి | సెప్టెంబరు 21, ఉదయం 9:05

రెండు రాత్రుల వీడియో చూశాను.

మొదటి రాత్రి ఏమీ జరగలేదు. పడమటి గాలి వీచి ఆ రాత్రి పొడిగా ఉంది. ఉదయం కవరు మీద చెమ్మ కూడా లేదు. రెండో రాత్రి 2:50 వరకు 0.035 ఉన్న అంకె ఒక్కసారిగా 2.6 అయింది. అక్కడి నుంచి 1.9కీ 2.8కీ మధ్య ఊగుతూ ఉదయం 6:35 వరకు అలాగే ఉండి, మళ్లీ దానంతట అదే 0.035కు దిగింది. ఆ ఉదయం కవరు తడిసి ముద్దగా ఉంది.

వీడియోను రెండోసారి చూస్తున్నప్పుడు మరొకటి కనిపించింది. అంకె ఎగిరిన క్షణంలోనే, తీగలు బయటకు తీసిన సందులో సన్నని వెలుగు గీత పడింది. కాసేపటికి ఆరింది, మళ్లీ వెలిగింది. మూసి ఉన్న డిక్కీలో దీపం వెలుగుతోంది. మూత తెరిస్తేనే వెలగవలసిన దీపం అది. ఇంతకాలంగా రాత్రుళ్లు అది అక్కడ వెలుగుతూనే ఉందన్న మాట. ఫోను కిందపెట్టి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

మధురవాడ మాస్టారు | సెప్టెంబరు 21, ఉదయం 9:40

అంకె సగటున 2.4 అనుకుంటే, లెక్కకు అందని 33 ఆంపియర్-గంటలకు దాదాపు 14 గంటలు కావాలి. నాలుగు రాత్రులు, రాత్రికి మూడున్నర గంటలు. మీరు చూసిన రాత్రి మూడు గంటల ముప్పావు. ఇప్పుడు లెక్క కుదిరింది.

ఆటోనగర్ పాత మీటరు | సెప్టెంబరు 21, ఉదయం 11:30

దీపం ఒక్కటే రెండున్నర ఆంపియర్లు తాగదు. మూత తెరుచుకుందని గొళ్లెంలోని చిన్న స్విచ్చు కబురు పంపగానే కారు యజమాని వచ్చాడనుకుని కంప్యూటర్లన్నీ మేలుకుంటాయి. తాగేది అవి. ఇలాంటప్పుడు ఫ్యూజుల మీద మిల్లీ వోల్టులు కొలిచినా ఉపయోగం ఉండదు. ఎనిమిది పది ఫ్యూజుల మీద అంకెలు కనిపిస్తాయే తప్ప, అందరినీ నిద్రలేపినవాడెవడో తెలియదు. ఎవడు లేపాడో స్కానరులో, అంటే కారు కంప్యూటర్లు చెప్పేది చదివే పరికరంలో చూడవచ్చు. మళ్లీ చెమ్మ ఉన్న తెల్లవారుజామున, మూత మూసి ఉండగానే స్కానరు తగిలించి, ముందు మూత స్థితి ఏమని చూపిస్తోందో చూడండి. స్కానరు తగిలిస్తే కారు మేలుకుంటుంది కానీ అప్పటికే మేలుకుని ఉన్న కారుకు దానితో కొత్తగా వచ్చే తేడా లేదు.

లాసన్స్ బే వాసి | సెప్టెంబరు 24, సాయంత్రం 6:15

నిన్న తెల్లవారుజామున 4 గంటలకు కిందికి వెళ్లాను. అంకె 2.3 ఉంది. చేతితో అదిమి చూశాను, మూత గట్టిగా పడి ఉంది. స్కానరు మాత్రం ముందు మూత తెరిచి ఉందని చూపించింది. నేను చూస్తుండగానే మూసి ఉందని, మళ్లీ తెరిచి ఉందని మారింది.

ఈ రోజు గొళ్లెం విప్పించాము. ముందు బ్యాటరీ మైనస్ తీసి, పని అయ్యాక అన్నిటికంటే చివర అదే బిగించాము. గొళ్లెం పక్కని చిన్న ప్లగ్గులో రెండు పిన్నులకు ఆకుపచ్చని కిలుము పట్టి, వాటి మధ్య తెల్లని ఉప్పు పొర పేరుకుని ఉంది. పైనున్న రబ్బరు ఒక మూల పగిలి, కారు కడిగిన నీళ్లూ గాలిలోని తడీ నేరుగా ఆ ప్లగ్గు మీదకే దిగుతున్నాయి. ప్లగ్గును కాంటాక్టు క్లీనరుతో కడిగి ఆరబెట్టాము. స్విచ్చు గొళ్లెంలోనే కలిసి వస్తుంది కనుక కొత్త గొళ్లెం, కొత్త రబ్బరు తెప్పిస్తున్నాను.

ఓడల కరెంటు | సెప్టెంబరు 24, రాత్రి 8:30

ఎండిన ఉప్పు కరెంటును పోనివ్వదు. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు ఆ తేమను పీల్చుకుని తానే నీరవుతుంది. ఆ ఉప్పునీరు రెండు పిన్నుల మధ్య వంతెన వేస్తుంది. విశాఖలో ఈ నెలల్లో తెల్లవారుజామున తేమ ఆ గీత దాటడం మామూలు విషయం. ఎండ రాగానే ఉప్పు మళ్లీ గట్టిపడి ఏమీ ఎరగనట్టు ఉంటుంది. మీ పొడి రాత్రికీ తడి రాత్రికీ తేడా అదే.

క్లీనరుతో కడిగే ముందు మంచినీటితో, వీలైతే బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరుతో ఒకసారి కడగండి. ఉప్పు నీటిలో కరిగినంతగా క్లీనరులో కరగదు. బాగా ఆరిన తర్వాత ప్లగ్గు లోపల, చుట్టూ సిలికాను గ్రీజు పలుచగా పూయండి. ఇదే పని వెనుక డిక్కీ ప్లగ్గుకూ, ఎర్త్ తీగలు బాడీకి బిగించిన చోట్లకూ చేయించండి. ఒక ప్లగ్గులోకి చేరిన గాలి మిగతావాటిని విడిచిపెట్టి ఉండదు.

భీమిలి దారి | సెప్టెంబరు 24, రాత్రి 9:15

తర్వాత తగిలించినవే దొంగలని నేను తొందరపడి తీర్పు చెప్పాను. మాస్టారి లెక్క లేకపోతే ఈ చర్చ కెమెరా దగ్గరే ఆగిపోయేది. నా కారు కూడా సముద్రం ఒడ్డునే ఉంటుంది. ఈ ఆదివారం ప్లగ్గులన్నీ విప్పించి చూస్తాను. లాసన్స్ బే వాసి గారూ, ఇన్నిసార్లు దిగిపోయిన బ్యాటరీ ఇంకా పనికివస్తుందా?

లాసన్స్ బే వాసి | అక్టోబరు 9, రాత్రి 8:40

కొత్త గొళ్లెం, రబ్బరు వేసి పది రోజులైంది. నాలుగు రాత్రులు వీడియో తీశాను. వాటిలో మూడు బాగా తడి రాత్రులు. అంకె 0.035 దగ్గరే ఉంది. వెలుగు గీత లేదు. కెమెరాను ఇగ్నిషనుతో ఆగే ఫ్యూజుకు మార్పించాను.

బ్యాటరీ గురించి అడిగారు. ఏజీఎం పద్ధతి ఉన్న చార్జరుతో నిదానంగా ఒక రోజంతా చార్జి చేసి టెస్టరు పెట్టించాను. చలి ఆరంభ సామర్థ్యం (చలిలో సెల్ఫ్ తిప్పడానికి బ్యాటరీ ఇవ్వగల కరెంటు) 800 ఆంపియర్లు ఉండవలసింది 610 వచ్చింది. రెండుసార్లు అడుగంటినందుకు అంత మూల్యం చెల్లించింది. ఈ ఎండల ఊళ్లో సెల్ఫ్ తిప్పడానికి అది చాలునని, వచ్చే ఏడాది మళ్లీ పరీక్షించమని పాత మీటరు గారు ఫోనులో చెప్పారు. అలాగే ఉంచుతున్నాను.

గత ఆదివారం భీమిలి నుంచి వచ్చి ఆపిన కారును ఈ రోజు, అంటే నాలుగు రాత్రుల తర్వాత చూస్తే 12.65 వోల్టులు ఉంది.